1894 నాటి ఇంటి కింద బొగ్గుగది: వెలుతురున్న గదిగా మార్చుకోవడం సాధ్యమేనా?

బొగ్గుగది_1894
రెండేళ్ల కిందట మేము లీడ్స్ నగరంలో ఒకదానికొకటి ఆనుకొని ఉండే వరుస ఇళ్లలో ఒకటి కొనుక్కున్నాము. దస్తావేజుల ప్రకారం అది 1894లో కట్టిన ఇల్లు. ముందు గోడ రాయి, వెనుక గోడ ఇటుక. ఇంటి కింద రెండు గదుల నేలమాళిగ ఉంది. ముందు గదిలోకి బొగ్గు జారవిడిచిన ఏటవాలు దారి ఇప్పటికీ అలాగే ఉంది. వెనుక గదిలో గోడను ఆనుకొని నడుము ఎత్తున ఒక పెద్ద రాతి బల్ల ఉంది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పాలు, వెన్న, మాంసం చల్లగా ఉండడానికి దాని మీద పెట్టేవారట. నేలంతా రాతి పలకలే. పలకల మీది నుంచి పైకప్పు దూలాల అడుగు వరకు కొలిస్తే 1.92 మీటర్లు వచ్చింది. వెలుతురు విషయానికొస్తే, ముందు గోడలో పైన ఉన్న చిన్న ఇనుప జాలీ తప్ప మరేమీ లేదు.

వచ్చే వేసవిలో మా అత్తగారు, మామగారు కాకినాడ నుంచి ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. పైన ఉన్నవి రెండే పడక గదులు కాబట్టి నేలమాళిగలోని ముందు గదిని వెలుతురున్న పడక గదిగా మార్చాలని అనుకున్నాము. ముగ్గురు పనివారు వచ్చి చూశారు. మొదటాయన గోడలకు రంధ్రాలు వేసి మందు ఎక్కించి సిమెంటు పూత పూస్తే సరిపోతుందని 14,000 పౌండ్లు చెప్పాడు. రెండో ఆయన ప్లాస్టిక్ పొర, నీళ్లు తోడే మోటారు, కిటికీ అన్నీ కలిపి 38,000 అన్నాడు. మూడో సంస్థవారు నేల తవ్వి పునాదులను కిందికి దించనిదే పని ముట్టుకోబోమని 85,000 అంచనా పంపారు. ముగ్గురూ చూసింది ఒకే గదిని. ఇంత తేడా ఎందుకు వస్తుందో, ఇందులో ఎవరి మాట నిజమో తెలియక తల పట్టుకున్నాము.

తుంటరి_తుమ్మెద
మా తాతగారి ఊళ్లో ధాన్యాన్ని పాతరలో పోసేవారు. అత్తమామలను పాతర వేయడం గురించి వినడం ఇదే మొదటిసారి, అదీ 85,000 పౌండ్లు ఖర్చు పెట్టి.

చినుకు_చికాగో
తుమ్మెద గారి హాస్యం అలా ఉంచి, ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ఆ గదిలోకి నీళ్లు వస్తాయా, వస్తే ఎప్పుడు, ఏ గోడ నుంచి వస్తాయి? మాది చికాగోలో 1926 నాటి ఇటుక బంగళా. ఈ నగరంలో ఇలాంటివి దాదాపు 80,000 ఉన్నాయి, అన్నింటికీ కింద నేలమాళిగ ఉంటుంది. మేము కొన్న మొదటి ఏడాదే కింద తివాచీ పరిచి, సోఫాలు వేసి, పెద్ద టీవీ పెట్టాము. జూన్‌లో ఒక రాత్రి కుండపోతగా వాన కురిస్తే నేలలోని మురుగు రంధ్రం నుంచి నీళ్లు ఎదురు తన్నాయి. ఇక్కడ వాన నీళ్లు, మురుగు నీళ్లు ఒకే గొట్టంలో పోతాయి కనుక వచ్చినవి ఏ నీళ్లో వర్ణించను. వెనక్కి రాకుండా ఆపే కవాటం ముందే పెట్టించుకుని ఉంటే ఆ సోఫాలు ఇంకా ఉండేవి. వెలుతురు గురించి ఆలోచించడానికి ముందు నీటి గురించి ఆలోచించండి.

సున్నపు_గానుగ
మొదటాయన చెప్పిన మందు పని దయచేసి చేయించకండి. నేల నుంచి గోడలోకి పైకి పాకే చెమ్మను ఆపడం కోసమే ఆ మందును ఎక్కిస్తారు, అది కూడా భూమట్టానికి పైన. మీ గోడ భూమిలో పాతుకొని ఉంది, చెమ్మ కింది నుంచి కాదు, పక్క నుంచి వస్తుంది. మట్టి మొత్తం తడిగా ఉన్నప్పుడు ఒక వరుసలో ఎక్కించిన మందు దేన్ని ఆపుతుంది?

సిమెంటు పూత ఇంకొక తలనొప్పి. మీ ఇల్లు సున్నంతో కట్టినది. మన ఊళ్లలో గానుగ సున్నంతో కట్టిన పాత గోడల మాదిరిగానే అది తడిని పీల్చుకుంటుంది, ఆరబెట్టుకుంటుంది. లోపలి వైపు సిమెంటుతో బిగించేస్తే నీరు ఆగదు, ఆరే చోటు వెతుక్కుంటూ గోడలోనే పైకి ఎక్కుతుంది. అక్కడ పైనున్న మీ ముందు గది నేలను మోసే చెక్క దూలాల చివర్లు గోడలో దూర్చి ఉంటాయి. 130 ఏళ్లు నిలిచిన దూలాలు ఇలాంటి పూత పూసిన పదేళ్లలో పుచ్చిపోవడం నేను బ్రాడ్‌ఫర్డ్‌లో నా కళ్లతో చూశాను.

తెనాలి_మాస్టారు
నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఇంటిలో అన్నిటికంటే పల్లం ఆ గదే కాబట్టి నీటితో పోట్లాడకుండా దానికి ఒక దారి చూపడమే తెలివైన పని. నేను రోడ్లు భవనాల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి విరమించినవాణ్ణి, ఇంగ్లండు ఇళ్ల సంగతి నాకు తెలియదు. అయితే నీరు ఏ దేశంలోనైనా ఒకేలా ప్రవర్తిస్తుంది.

కొలబద్ద
మాంచెస్టర్‌లో నిర్మాణ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ముగ్గురి అంచనాలలో తేడా ఎందుకు వచ్చిందంటే ముగ్గురూ మూడు వేర్వేరు గదులను ఊహించుకున్నారు. మొదటాయన సామాన్ల గదిని, రెండో ఆయన తల వంచుకొని తిరిగే గదిని, మూడో సంస్థ నిజమైన నివాస గదిని. లెక్క చూడండి.

ఇప్పుడున్న రాతి పలకలు నేరుగా మట్టి మీద ఉంటాయి. వాటి స్థానంలో మనుషులు ఉండదగిన నేల వేయాలంటే కాంక్రీటు 10 సెంటీమీటర్లు, బుడిపెల ప్లాస్టిక్ పొర 2, వేడి పోకుండా ఆపే ఇన్సులేషన్ 10, దాని మీద నేలను చదును చేసే సిమెంటు, ఇసుక పొర (స్క్రీడు) ఆరున్నర, పైన చెక్కో పలకో ఒకటిన్నర, వెరసి 30 సెంటీమీటర్లు కావాలి. పైకప్పుకు మంటను అరగంట ఆపే పలకలు బిగిస్తే మరో 3 పోతాయి. అంటే తవ్వకుండా చేస్తే మీ 1.92 కాస్తా 1.59 అవుతుంది. పాత పలకలను తీసిన మందం కొంత తిరిగి వస్తుంది, అయినా ఆ గదిలో మీరు నిలబడలేరు. సుఖంగా ఉండే 2.3 మీటర్ల ఎత్తు కావాలంటే 71 సెంటీమీటర్లు కిందికి వెళ్లాలి. ఇంగ్లండు నియమాలు గదికి ఇంత ఎత్తు ఉండి తీరాలని చెప్పవు కానీ మెట్ల మీద తల పైన 2 మీటర్లు ఉండాలని మాత్రం అడుగుతాయి. ఎత్తును మింగేది గోడ కాదు, నేల. ఈ మాట మీకు రెండో ఆయన చెప్పారా?

బొగ్గుగది_1894
చెప్పలేదు. ఆయన పంపిన చిత్రంలో ఒక పొడవాటి మనిషి సోఫా పక్కన నిలబడి నవ్వుతున్నాడు. నీళ్ల విషయం అడిగిన చినుకు గారికి: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ముందు గోడ కింద భాగం తడిగా ఉంటుంది, తెల్లటి ఉప్పు పొంగుతుంది. నేల మీద నిలిచిన నీళ్లు మాత్రం ఒక్కసారే చూశాము. విచిత్రం ఏమిటంటే జూలైలో ఇంటి కిటికీలూ తలుపులూ తీసి ఉంచినా రాతి బల్ల మీద చెమట పడుతుంది.

సున్నపు_గానుగ
జూలైలో పట్టేది ఊట కాదు, గాలిలోని తేమ. చల్లటి నీళ్లున్న చెంబు బయట చెమ్మ చేరినట్టే బయటి వెచ్చటి గాలి లోపలికి వచ్చి చల్లటి రాయిని తాకి నీరవుతుంది. ఎండాకాలం కదా అని తలుపులు తీస్తే నేలమాళిగ ఆరదు, ఇంకా తడుస్తుంది. రెంటినీ వేరు చేసి చూడడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. వంటింట్లో వాడే అల్యూమినియం రేకును ఒక అడుగు చదరం కత్తిరించి గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించండి. రెండు రోజుల తరువాత తీస్తే, గది వైపు తడి ఉంటే అది గాలి తేమ, గోడ వైపు తడి ఉంటే అది ఊట. ముందు గోడ మీద రెండు చోట్ల, పక్క గోడ మీద ఒక చోట అంటించి చూడండి.

కొలబద్ద
దాంతోపాటు బయట చూరు కాలువ నుంచి దిగే వాన నీటి గొట్టం ఎక్కడ ముగుస్తుందో చూడండి. ముందు గోడ తడిసే ఇళ్లలో నేను మొదట చూసేది అదే. పాత మట్టి గొట్టాలు భూమిలో పగిలి, కప్పు మీద పడిన వాన మొత్తం గోడ పక్కనే ఇంకిపోతూ ఉంటుంది.

రేవతి_షెఫీల్డ్
మాది కూడా విక్టోరియా కాలం నాటి ఇల్లే, అయితే షెఫీల్డ్ అంతా కొండ వాలు కాబట్టి మా నేలమాళిగ వీధి వైపు భూమిలో ఉండి, తోట వైపు నేలకు సమంగా తెరుచుకుంటుంది. వెనుక గోడలో చిన్న తలుపును వెడల్పు చేసి, పైన ఉక్కు దూలం పెట్టి, గాజు తలుపులు బిగించాము. ఉదయం పూట దీపం అవసరం ఉండదు. గోడలకు కొలబద్ద గారు చెప్పిన బుడిపెల పొరనే వేయించాము. అది నీటిని అడ్డుకోదు. గోడ నుంచి ఊరిన నీరు పొర వెనుక జారి, నేల అంచున ఉన్న కాలువలో పడి, మూలన ఉన్న సంపులోకి చేరుతుంది, అక్కడి నుంచి మోటారు బయటికి తోడుతుంది. గోడ తన మానాన తాను తడిగా ఉంటుంది, మన గది పొడిగా ఉంటుంది.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెబుతాను. అంతా అయిన తరువాత టీవీ బిగించడానికి మా ఆయన పొడవాటి మేకులు గోడలోకి దించారు. అవి పలకను, వెనుక ఉన్న పొరను దాటి ఇటుకలోకి వెళ్లాయి. మరుసటి శీతాకాలం టీవీ వెనుక ఒక చెమ్మ మరక కనిపించింది, అది అచ్చం శ్రీలంక పటంలా ఉంది. పొరకు దూరంగా విడిగా నిలబడే చట్రం కట్టించుకొని, బిగించేవన్నీ దానికే బిగించుకోండి.

భాగ్యనగరి
ఇక్కడ హైదరాబాదులో సెల్లారు అంటే కార్లు పెట్టుకునే చోటు, అందులో నివాసం అంటే ఎవరూ నమ్మరు. 2020 అక్టోబరు వానలకు మా అపార్టుమెంటు సెల్లారు నిండిపోయింది. కార్ల సంగతి సరే, కరెంటు మీటర్లన్నీ అక్కడే ఉండడంతో మూడు రోజులు నాలుగో అంతస్తు దాకా అందరం చీకట్లో ఉన్నాము. రేవతి గారి మోటారు కరెంటు పోయినప్పుడు ఎలా పనిచేస్తుంది?

రేవతి_షెఫీల్డ్
మంచి ప్రశ్న. సంపులో రెండు మోటార్లు ఉంటాయి, ఒకటి ఆగితే రెండోది అందుకుంటుంది. కరెంటు పోతే బ్యాటరీతో నడుస్తుంది. నీటి మట్టం పెరిగితే గంట మోగుతుంది. ఏడాదికి ఒకసారి కాలువలు కడిగించి మోటారు పరీక్ష చేయించాలి. దానికి అయ్యే ఖర్చును ఏటా కట్టే బీమా సొమ్ము లాంటిదని అనుకోండి. పని చేసినవారు ఈ సంగతి చివరి రోజున చెప్పారు.

సున్నపు_గానుగ
కొత్త కాంక్రీటు వేసిన మొదటి రోజుల్లో అందులోని సున్నం నీటిలో కరిగి కాలువలలో గట్టిపడుతుంది. మన ఊరి బోరు నీళ్లకు కుళాయి మూతి మూసుకుపోయినట్టు కాలువ మూసుకుపోతుంది. దాన్ని నివారించే పూత కాంక్రీటు మీద వేయమని అడగండి. కాలువలను కడగడానికి వీలుగా మూతలు కూడా ఉండాలి.

బొగ్గుగది_1894
భాగ్యనగరి గారు మీటర్ల మాట ఎత్తగానే కిందికి వెళ్లి చూశాను. మా గ్యాసు మీటరు, కరెంటు మీటరు, ఇంటికి వచ్చే నీటిని ఆపే కవాటం అన్నీ ఆ ముందు గదిలోనే ఉన్నాయి! ముగ్గురు పనివారిలో ఒక్కరు కూడా వాటి గురించి నోరెత్తలేదు.

కొలబద్ద
ఆ ప్రాంతపు వరుస ఇళ్లలో అది మామూలే. మీటర్లను జరిపే అధికారం పనివారికి ఉండదు, సంబంధిత సంస్థలకు దరఖాస్తు పెట్టాలి, దానికి వేరే రుసుము, వేరే ఎదురుచూపు.

తెనాలి_మాస్టారు
వెలుతురు గురించి ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టి అడుగుతున్నాను. మన మండువా లోగిళ్లలో చుట్టూ గదులున్నా నడిమధ్య ఆకాశం కనిపించేలా వదిలిపెట్టేవారు కదా. ఇంటి ముందు చిన్న మండువా లాంటి గొయ్యి తవ్వి, దానిలోకి కిటికీ పెడితే ఎండ నేరుగా పడదా?

వెలుగుజాడ
నేను కాంతి రూపకల్పన చేసే వృత్తిలో ఉన్నాను. మాస్టారు గారి ఆలోచన సరైనదే, దాన్ని ఇక్కడ వెలుతురు గొయ్యి అంటారు. అయితే ఎండ మాత్రం పడదు. కోనసీమలో డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు, వేసవిలో నడినెత్తి మీదికి వస్తాడు. అందుకే మండువాలో నేల మీదికి ఎండ దిగుతుంది. లీడ్స్ దాదాపు 54 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 13 డిగ్రీలు దాటడు, అంటే ఎదురింటి కప్పు వెనుకే తిరిగి అస్తమిస్తాడు. జూన్‌లో 60 డిగ్రీల దాకా వస్తాడు కానీ అప్పుడు ఎలాగూ వెలుతురుకు కొదవ ఉండదు.

కాబట్టి ఇక్కడ మనం పట్టుకోవలసింది ఎండను కాదు, ఆకాశాన్ని. గదిలో మీరు కూర్చునే చోటు నుంచి ఆకాశం ముక్క ఒకటి కంటికి కనిపిస్తే ఆ గది వెలుతురుగా ఉన్నట్టు మనసుకు తోస్తుంది, గోడ మాత్రమే కనిపిస్తే ఎన్ని దీపాలు పెట్టినా గుహలా ఉంటుంది. గొయ్యి ఎంత లోతో కనీసం అంత వెడల్పు ఉండేలా చూడండి. గొయ్యి గోడలకు తెల్లటి మెరుపు పలకలు అంటించండి. విక్టోరియా కాలం వారు సరిగ్గా ఇందుకే ఇరుకు సందులలో తెల్లటి మెరుపు ఇటుకలు వాడారు. గొయ్యి అడుగున నీరు పోయే దారి తప్పక ఉండాలి, లేకపోతే మీరు కిటికీ ముందు బావి తవ్వుకున్నట్టే.

బొగ్గు జారవిడిచే దారిని మూసేయకండి. లోపల తెల్లగా వేసి పైన మందపాటి గాజు మూత పెడితే అదే ఒక వెలుతురు గొట్టమవుతుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. నేలమాళిగలకు వెలుతురు కోసం కాలిబాటలో ఇనుప చట్రంలో గాజు బిళ్లలు బిగించే పద్ధతికి థాడియస్ హయత్ 1845లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. మూత మీ సొంత ముంగిట్లో ఉంటే చిక్కు లేదు, ప్రభుత్వ కాలిబాటలో ఉంటే అనుమతి కావాలి.

తుంటరి_తుమ్మెద
సూర్యుడు ఎదురింటి వెనుక తిరిగి వెళ్లిపోతాడన్న మాట చదివి మా వీధి గుర్తొచ్చింది. ఇక్కడ నవంబరు నుంచి నేలమాళిగ, పై గది అన్న తేడా లేకుండా అందరమూ సమానంగా చీకట్లో ఉంటాము.

పడమర_గుమ్మం
నేలమాళిగ ఏ దిక్కున ఉందో ఎవరూ అడగలేదు. నైరుతి పల్లమైతే ఇంటి యజమానికి మంచిది కాదంటారు. తవ్వడానికి ముందు ఒకసారి వాస్తు చూపించుకోవడం మంచిది కదా?

తెనాలి_మాస్టారు
ఇల్లు మొత్తం కింద గది ఉంటే నైరుతితో పాటు ఈశాన్యం కూడా పల్లమే, లెక్క సరిపోయింది. నీళ్ల సంపును మాత్రం ఈశాన్యంలో పెట్టించండి, అందరి నోళ్లూ మూతపడతాయి.

బొగ్గుగది_1894
నేల వాలును మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో కొలిచి చూశాము. గదిలో అన్నిటికంటే పల్లపు మూల నిజంగానే ఈశాన్యం. మా అత్తగారికి ఈ ఒక్క కబురు చాలు.

చినుకు_చికాగో
పడక గది అన్నారు కాబట్టి అగ్నిప్రమాదం మాట కూడా చెప్పుకోవాలి. ఇక్కడి చాలా ఊళ్లలో అమలయ్యే నియమావళి ప్రకారం నేలమాళిగలో పడక గది ఉంటే మనిషి బయటపడగలిగే కిటికీ ఉండాలి, దాని అంచు నేల నుంచి 44 అంగుళాలకు మించి ఎత్తుండకూడదు. అక్కడి సంగతి ఏమిటి?

కొలబద్ద
ఇక్కడ 1100 మిల్లీమీటర్లు. చిత్రంగా రెండూ ఇంచుమించు ఒకటే, మనిషి కాలు ఎత్తే ఎత్తు రెండు దేశాలలోనూ అంతే కదా. తెరుచుకునే భాగం కనీసం 0.33 చదరపు మీటర్లు ఉండాలి, ఎత్తులోగాని వెడల్పులోగాని 450 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కిటికీ వెలుతురు గొయ్యిలోకి తెరుచుకుంటే ఆ గొయ్యిలో నుంచి పైకి ఎక్కే వీలు ఉండాలి, గొయ్యి మీది జాలీ లోపలి నుంచి తెరుచుకోవాలి. అలాంటి కిటికీ సాధ్యం కాకపోతే మెట్ల దారిని మంట తగలని గోడలతో, తలుపులతో వీధి తలుపు దాకా వేరు చేయాలి. వెలుతురు కోసం మెట్ల గోడ పడగొట్టి తెరిచి ఉంచాలన్న కోరికకు, ఈ నియమానికి చుక్కెదురు.

పునాదుల సంగతి కూడా చెప్పేస్తాను. గోడ మొత్తం కింద ఒకేసారి తవ్వరు. మీటరు వెడల్పు ముక్కలుగా గుర్తు పెట్టి, పక్కపక్క ముక్కలు ఎప్పుడూ ఒకేసారి తెరవకుండా, వంతులవారీగా తవ్వి కాంక్రీటు నింపుతారు. పాత పునాదికి, కొత్త కాంక్రీటుకు మధ్య కొద్దిపాటి సందు వదిలి, అది గట్టిపడిన తరువాత పొడిగా కలిపిన సిమెంటు, ఇసుకను కూరి బిగిస్తారు. వరుస ఇల్లు కాబట్టి మీ రెండు పక్క గోడలూ పొరుగువారితో ఉమ్మడివి. 1996 నాటి ఉమ్మడి గోడల చట్టం కింద ఆ గోడ కింద పని మొదలుపెట్టడానికి రెండు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలి. వారు 14 రోజులలో జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టు కాదు, వివాదం ఉన్నట్టు లెక్క. అప్పుడు ఆ వివాదాన్ని తేల్చే సర్వేయర్లు దిగుతారు, వారి రుసుము మామూలుగా మీ మీదే పడుతుంది. మీరున్నది బొగ్గు గనుల ప్రాంతం కాబట్టి గనుల నివేదిక కూడా తెప్పించుకోండి.

లండన్_లావణ్య
మీ ఊళ్లో ఇదంతా ఎంతో చౌక. ఇక్కడ కెన్సింగ్టన్, చెల్సీ ప్రాంతంలో ధనికులు రెండు మూడు అంతస్తులు కిందికి తవ్వుకుంటూ పోతే పొరుగువారు ఏళ్ల తరబడి మట్టి లారీల మధ్య బతికారు. చివరికి 2015లో స్థానిక పాలకమండలి ఒక్క అంతస్తుకు మించి కూడదని, తోట కింద సగానికి మించి తవ్వకూడదని విధానం తెచ్చింది. పొరుగువారితో ముందుగా ఒక కప్పు టీ తాగి మాట్లాడండి, కాగితం తరువాత పంపండి.

చినుకు_చికాగో
రాడాన్ గురించి ఎవరూ చెప్పలేదు. రాళ్లలోని యురేనియం నుంచి పుట్టే ఆ వాయువుకు రంగు, వాసన ఉండవు, నేలమాళిగలో పేరుకుంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారితీస్తుంది. ఇక్కడ లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) దాటితే చర్య తీసుకోమంటారు.

కొలబద్ద
నిజమే, నేను మరిచాను. బ్రిటన్‌లో వాడే ప్రమాణం బెకరెల్, ఆ హద్దు ఘనపు మీటరుకు 200 బెకరెల్, వీలైతే 100 లోపు ఉంచమంటారు. మీ నాలుగు పికోక్యూరీలు 148 బెకరెల్‌తో సమానం. రాడాన్ పరీక్షకు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు తపాలాలో వస్తాయి, మూడు నెలలు ఉంచి తిరిగి పంపాలి. నేలమాళిగలో నివసించాలనుకునేవారు తమ ప్రాంతం రాడాన్ పటంలో ఏ రంగులో ఉన్నా పరీక్ష చేయించుకోవలసిందే.

రేవతి_షెఫీల్డ్
ఇన్ని విషయాలు చెప్పుకున్నాము కానీ అసలు మాట ఎవరూ అనలేదు. బొగ్గుగది గారూ, మీ నేలమాళిగ మెట్లు ఎలా ఉన్నాయి? మా ఇంట్లోవి రాతి మెట్లు, మధ్యలో అరిగిపోయినవి, నిచ్చెనంత నిటారుగా ఉంటాయి. మా అమ్మ వచ్చినప్పుడు ఒక్కసారి దిగి, ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టుకొని కూర్చుండిపోయింది. అర్ధరాత్రి బాత్‌రూముకు రెండు అంతస్తులు ఎక్కవలసిన గదిలో డెబ్బై ఏళ్లవారిని ఉంచుతారా?

తుంటరి_తుమ్మెద
పాతర అని నేను మొదటి రోజే చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు.

వెలుగుజాడ
రేవతి గారు చెప్పింది చాలా పెద్ద మాట. నేనైతే ఇంట్లో వెలుతురు ఎక్కువున్న ముందు గదిని పెద్దవారికి ఇచ్చి, టీవీ, బట్టల యంత్రం, ఇంటి నుంచి చేసే ఉద్యోగపు బల్ల వంటి వాటిని కిందికి పంపుతాను. వాటికి ఆకాశం అవసరం లేదు, మంచి దీపాలు చాలు. తక్కువ ఎత్తున్న గదిలో పైకప్పు నుంచి కిందికి గుచ్చే దీపాలు పెట్టకండి. గోడలను కడిగినట్టు పాకే వెలుతురు పెడితే గది పెద్దదిగా అనిపిస్తుంది. 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య వెచ్చటి కాంతి, రంగులను నిజంగా చూపే సూచిక 90 దాటిన దీపాలు ఎంచుకోండి.

బొగ్గుగది_1894
ఐదు వారాల తరువాత వచ్చి రాస్తున్నాను. రేకు పరీక్షలో పక్క గోడ మీద గది వైపు తడి కనిపించింది, ముందు గోడ మీద రెండు చోట్లా గోడ వైపు తడి ఉంది. కొలబద్ద గారు ఊహించినట్టే వాన నీటి గొట్టం దిగే చోట మట్టి గొట్టం పగిలి ఉంది. కెమెరా పంపి చూస్తే ఆ పగులులో నుంచి చెట్టు వేర్లు కనిపించాయి. దాన్ని మార్పించడానికి 900 పౌండ్లయింది. ఆ తరువాత రెండు పెద్ద వానలు పడ్డాయి, ముందు గోడ మునుపటిలా తడవలేదు. పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుందని సున్నపు గానుగ గారు ప్రైవేటుగా రాశారు.

ముందు గది మూలన ఒక పలక ఎత్తి తవ్వి చూశాము. పునాది అడుగు పలక మీది నుంచి 18 సెంటీమీటర్ల లోతులోనే ముగిసింది. అంటే పునాదిని ముట్టుకోకుండా తవ్వగలిగేదంతా తవ్వినా, కొలబద్ద గారి లెక్కన చివరికి మిగిలే ఎత్తు 1.77 మీటర్లు. మా ఆయన ఎత్తు 1.80.

మెట్ల గురించి రేవతి గారు రాసినది మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనకుండా కిందికి దిగి, ఎక్కి, మళ్లీ దిగి వచ్చారు. అత్తగారికి, మామగారికి నేల అంతస్తులో వీధి వైపు ఉన్న ముందు గది ఇస్తున్నాము, మెట్ల కింద ఉన్న అలమర స్థానంలో చిన్న షవరు, టాయిలెట్ పెట్టిస్తున్నాము. నేలమాళిగను ఈ ఏడాదికి నివాస గదిగా మార్చడం లేదు. గోడలకు ఉన్న పాత సిమెంటు మరమ్మతులు గీకించి సున్నం వెల్ల వేయిస్తున్నాము, బొగ్గు దారికి గాజు మూత పెడుతున్నాము, గాలి తేమను తీసే యంత్రం కొన్నాము, రాడాన్ డబ్బాలు రెండు పెట్టాము. కుడి పక్క ఇంటావిడతో టీ తాగాము. వారికి కూడా కింద గది కావాలట, ఉమ్మడి గోడ పునాది ఖర్చును పంచుకుందామని ఆవిడే అన్నారు. రెండేళ్ల తరువాత డబ్బు చేరితే ఆ మాట ముందుకు తీసుకెళతాము.

కొలబద్ద
ఆవిడ ఇచ్చిన మాటను ఈమెయిల్‌లో రాయించుకోండి. రెండిళ్లవారు కలిసి ఒకే ఇంజినీరుతో చేయించుకుంటే ఆ గోడను ఒక్కసారే కదిలిస్తారు. ఎడమ పక్కవారికి మాత్రం నోటీసు తప్పదు.

సున్నపు_గానుగ
వెనుక గదిలోని రాతి బల్లను తీసేస్తారా?

బొగ్గుగది_1894
లేదు. ఫోనులో వెలుతురు, రాడాన్, ఉమ్మడి గోడల చట్టం అన్నీ వివరించిన తరువాత మా అత్తగారు అడిగిన ప్రశ్న ఒక్కటే, ఆ బల్ల మీద ఎన్ని ఆవకాయ జాడీలు పడతాయని. పొడవు 1.85 మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు అని కొలిచి చెప్పాను.

తెనాలి_మాస్టారు
జాడీలను రాయి మీద నేరుగా పెట్టనివ్వకండి. కింద చెక్క పలక వేయండి, తేమ యంత్రం నడుస్తూ ఉండాలి. లేకపోతే జూలైలో ఆ బల్ల చెమర్చి, జాడీలకు కట్టిన వాసెన గుడ్డలకు బూజు పడుతుంది.